బల్ల నాడు సామేలు లేవలేదు

"ప్రభువు బల్లకు సిద్ధపడినవాళ్లు లేచి నిలబడండి" అని పాస్టరుగారు అనగానే ఇస్నాపూర్ సంఘంలో అందరూ లేచారు. ముసలివాళ్లు మోకాళ్లు పట్టుకుని లేచారు, చంటిపిల్లల తల్లులు పిల్లలను చంకనేసుకుని లేచారు, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కుర్రాళ్లు ఆవులింతలు ఆపుకుంటూ గోడ ఆసరాతో లేచారు. మగవాళ్ల వైపు మూడో వరసలో సామేలు ఒక్కడే చాప మీద కూర్చుండిపోయాడు. మఠం వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కాస్త వంచుకుని.

ఆడవాళ్ల వైపు నుంచి కూతురు కెజియా చూసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నెలల తరబడి ఇదే తంతు. ప్రతి నెలా మొదటి ఆదివారం రావడం, అందరూ లేచి రొట్టె ముక్క, చిన్న గిన్నెడు ద్రాక్షరసం తీసుకుంటుంటే తండ్రి అందరి కాళ్ల మధ్యా కూర్చుని ఉండటం. ఆ కాళ్ల మధ్య తండ్రి తల కనిపిస్తుంటే ఆమెకు తలకొట్టేసినట్టు ఉండేది.

ఆ రొట్టె, రసం అందుకునే బల్ల అంటే మామూలు విషయం కాదు ఈ సంఘాల్లో. బాప్తిస్మం తీసుకున్నవాళ్లే అందుకోవాలి. వాళ్లయినా తోటి విశ్వాసి మీద మనసులో ఏదైనా పెట్టుకుని ఉంటే, ముందు అది తేల్చుకుని రావాలి. అంతవరకు లేవకూడదు. నియమం అది. పాటించేదెవరు? కుళాయి దగ్గర పొద్దున జుట్లు పట్టుకున్న ఇద్దరూ పక్కపక్కనే లేస్తారు. అన్న స్థలం కాజేసిన తమ్ముడు అందరికంటే ముందు లేస్తాడు. కాబట్టి లేవనివాడు ఒకడు కనిపిస్తే జనానికి ఒకటే అర్థం. వీడేదో ఘోరమైన పాపం చేశాడు.

చెవులు కొరుక్కోవడం మొదటి నెలలోనే మొదలైంది. "మల్ల కల్లు దుకాణంకు వోతుండట" అంది ఒకావిడ. "కల్లు గాదు, ఇంకేందో ఉన్నది" అని ఇంకో ఆవిడ కళ్లు తిప్పింది. సామేలు కూతురు పుట్టిన ఏడాది తాగుడు మానేసిన మనిషి. ఆ తర్వాత చుక్క ముట్టలేదు. ఆ సంగతి వాళ్లందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మాట అనడానికి నోరెట్లా వచ్చిందో!

అన్నిటికంటే కడుపు మండే సంగతి ఇంకొకటి ఉంది. ఆ రొట్టె, రసం ఉన్న ట్రే పట్టుకుని వరసల మధ్య తిరిగేవాడు సంఘపెద్ద జయపాల్. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతికి బంగారు గడియారం. కాజీపల్లి ఫ్యాక్టరీలకు కూలీలను పంపే లేబర్ కాంట్రాక్టర్. గుడి పైకప్పు రేకులు అతనివే, మైకు అతనిదే, ముసలివాళ్లు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీల వెనక ఎర్ర రంగుతో ఉన్న పేరూ అతనిదే. సామేలు దగ్గరికి రాగానే జయపాల్ ఒక్క క్షణం ఆగేవాడు. అందరికీ వినపడేలా నిట్టూర్చేవాడు. "నీ గురించి ప్రార్థన చేస్తున్న సామేలన్నా" అనేవాడు. సామేలు తల ఎత్తేవాడు కాదు.

సామేలు గురించి చెప్పాలంటే పెద్ద కథేమీ లేదు. సదాశివపేట పక్క పల్లె నుంచి పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఇస్నాపూర్ వచ్చాడు. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు, అక్కడే ఉండిపోయాడు. బాయిలర్ వేడికి ముఖం, ముంజేతులు నల్లబడి, మిగతా ఒళ్లు చామనఛాయగా ఉండేది. పాట రాదు, ప్రసంగం రాదు, సంఘంలో ఏనాడూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. భోజనం ముందు ఆయన చేసే ప్రార్థన కూడా రెండే ముక్కలు. "ప్రభువా, పెట్టినవ్. లేనోళ్లకు గూడ పెట్టు." అంతే. చిన్నప్పుడు కెజియా ఈ ప్రార్థన విని సిగ్గుపడేది. అందరి నాన్నలూ ఏడ్చి, గొంతు చించుకుని ప్రార్థిస్తుంటే మా నాన్నకు ఇంతేనా అని.

ఇంట్లో భార్య సుగుణకు వేరే బాధ. బల్ల ఆదివారం జనం ఏమీ తినకుండా గుడికి వెళతారు. ఎలాగూ లేవని సామేలు కూడా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా బయల్దేరేవాడు.

"తిననోనికి ఉపాసమెందుకయ్యా?" అని సుగుణ గిన్నెలు ఎత్తేసేది. "జనం ఉమ్మేస్తున్నరు నా మొఖాన! లేస్తె లెవ్వు, లేకుంటె ఇంట్ల పడుండి బువ్వ తిను!"

"ఇయ్యాల లేస్తనేమో" అనేవాడు సామేలు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ప్రతి నెలా అదే మాట. ప్రతి నెలా కూర్చునే ఉండేవాడు.

ఇదిలా ఉండగా కెజియా బాప్తిస్మం దగ్గర పడింది. సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్న పిల్ల, ఈ ఏడాది తీసుకుంటానని తానే పేరిచ్చింది. బాప్తిస్మం అయిన రోజే మొదటి బల్ల. ఆ రోజు తండ్రి పక్క వరసలో నిలబడి తనతో పాటు రొట్టె తీసుకోవాలని ఆ పిల్లకు ఆశ. ఇంతకంటే న్యాయమైన ఆశ ఉంటుందా ఏ కూతురికైనా?

"నా మొదటి బల్ల నాడన్న లేస్తవా నాయినా?" అని అడిగింది.

"సూద్దాం బిడ్డా" అన్నాడు సామేలు.

"ఏం సూసుడు? నువ్వేం జేసినవో చెప్పు. చెప్పి సావు!" అని అరిచింది కెజియా. తండ్రిని ఏనాడూ అంత మాట అనలేదు. సామేలు చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి కెజియా బాప్తిస్మం వద్దని పాస్టరుగారికి చెప్పేద్దామనే నిర్ణయించుకుంది. ఇలాంటి తండ్రి ఉన్న ఇంట్లో నాకెందుకు ఈ భక్తి అనుకుంది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక సామేలు ఇంటికి రాకుండా సందులోకి తిరిగాడు. ప్రతి ఆదివారం అంతే, ఒక గంట మాయమయ్యేవాడు. ఈసారి కెజియా వెంటబడింది. కల్లు దుకాణమో, ఇంకేదో, తన కళ్లతో చూసేసి తేల్చుకుందామనే కోపంతో వెళ్లింది.

సామేలు వెళ్లింది కిరాయి గదుల వరస ఒకదానికి. రేకుల కప్పు, పొడుగాటి వరండా, అందరికీ కలిపి ఒకే నీళ్ల తొట్టి. బీహార్, ఒడిశా కూలీలు ఉండే చోటు. కెజియా మూల మలుపు దగ్గర నిలబడి చూసింది. ఆదివారం తెల్ల చొక్కా విప్పి తీగ మీద వేసి, బనీనుతో తండ్రి బండ మీద బట్టలు ఉతుకుతున్నాడు. ఇంట్లో ఏనాడూ తువ్వాలు పిండి ఎరుగని మనిషి! పక్కన గడప మీద పాతికేళ్ల కుర్రాడు గోడ వైపు తిరిగి కూర్చుని సామేలు తెచ్చిన బువ్వ తింటున్నాడు. ఎడమచేత్తో తింటున్నాడు. కుడిచేయి మణికట్టు దగ్గర ఆగిపోయింది.

"నాయినా!"

సామేలు ఉలిక్కిపడ్డాడు. "నువ్వేంది గిక్కడ?"

"అది నేనడగాలె. ఎవరీయన?"

సామేలు దుప్పటి ఒక కొస పట్టుకుని పిండబోయాడు. కుర్రాడే ఇటు తిరిగాడు, తింటున్న ఎడమచేయి సిగ్గుతో వెనక్కి దాచుకుంటూ. "చాచా నహీ బోల్తా దీదీ. మై బోల్తా" అని తనకు వచ్చిన తెలుగులో, రాని చోట హిందీలో చెప్పుకొచ్చాడు. పేరు లఖన్. జయపాల్ దగ్గర కూలీ. బాయిలర్‌కు బొగ్గు మోసే బెల్టు దగ్గర పని. బెల్టు రోలర్ల మీద చేతులు పడకుండా ఇనుప జాలీ ఉండాలి. బొగ్గు గడ్డలు ఇరుక్కుని పని ఆగిపోతోందని జయపాల్ ఆ జాలీ తీయించేశాడు. సామేలు వద్దన్నాడు, మళ్లీ పెట్టించమన్నాడు. జయపాల్ వినలేదు. ఒక మధ్యాహ్నం లఖన్ చేయి బెల్టుకీ రోలర్‌కీ మధ్య పడింది. సామేలు పరుగెత్తి స్విచ్ కొట్టాడు. "నహీతో పూరా హాత్ గయా" అన్నాడు లఖన్, లేకుంటే భుజం దాకా పోయేదని చూపిస్తూ.

ఇంతవరకు ప్రమాదం అనుకుందాం. తర్వాత జరిగింది వినండి. జయపాల్ ఆ కుర్రాడిని ఏదో చిన్న నర్సింగ్ హోంలో పడేసి, ఇంటి దగ్గర గడ్డి కోసే మిషన్‌లో చేయి తెగిందని రాయించాడు. ఆ రోజు లఖన్ డ్యూటీకే రాలేదని ఫ్యాక్టరీ వాళ్ల చేత చెప్పించాడు. బీహార్ కుర్రాడికి ఇస్నాపూర్ కిరాయి గదిలో గడ్డి మిషన్ ఎక్కడిది? వాడి గదిలో పొయ్యి పెట్టుకోవడానికే చోటు లేదు! సామేలు మేనేజర్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్తే, "నీ బాయిలర్ సంగతి నువ్వు చూసుకో" అన్నాడు. ఆ వారం నుంచి సామేలుకు అన్నీ రాత్రి షిఫ్టులే. ఆ ఆదివారమే, చేయి తెగిన మూడో రోజునే, జయపాల్ ఉతికిన తెల్లబట్టలు వేసుకుని బల్ల దగ్గర ట్రే పట్టుకున్నాడు.

కెజియా బండ మీద కూలబడింది. "గిదంత సంఘంల ఎందుకు చెప్పలే నాయినా? ఇంట్లనన్న ఎందుకు చెప్పలే?"

"పద్ధతి అట్ల లేదు బిడ్డా" అన్నాడు సామేలు. "సహోదరుడు తప్పు జేస్తే ముందుగాల ఒంటిగ పోయి అడగాలె. పోయిన. బెల్టు కాడ నీకేం పని అన్నడు. వినకుంటే ఇంకొకలనో ఇద్దర్నో తోలుకపోవాలె. యాదన్నను, నవీన్‌ను అడిగిన. ఇద్దరు బెల్టు కాన్నే ఉండిరి, సూసిండ్రు. వాళ్లు జయపాల్ కింద కూలోళ్లు. పని పోతదని భయపడ్డరు. ఆ మెట్టు దాటకుండ నేను సంఘంల ఎట్ల నోరు తెరుస్త? ఇంట్ల చెప్తే చాటు మాట అయితది."

"మరి నువ్వెందుకు కూసుంటున్నవ్? తప్పు వానిది గద!"

"నాకు వాని మీద మస్తు కోపమున్నది బిడ్డా. వాని చేతుల ట్రే సూస్తే నాకు బెల్టే కనపడ్తది. కోపం బెట్టుకోని రొట్టె ఎట్ల తింట? ఇయ్యాలన్న వాడు ఒప్పుకుంటడేమో, లేద్దామని ఉపాసముండి పోత. ఒప్పుకుంటలేడు."

కెజియాకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఎంత అన్యాయం చూడండి! నియమం పాటించినవాడి పరువు సందుసందునా పోయింది. దాన్ని తుంగలో తొక్కినవాడు వరసల మధ్య తిరుగుతూ పాటించినవాడి కోసం ప్రార్థన చేస్తున్నాడు! ఇన్నాళ్లూ తాను సిగ్గుపడింది ఎవరిని చూసి? ఆమె లేచి దుప్పటి రెండో కొస పట్టుకుంది. తండ్రి ఒకవైపు, తాను ఒకవైపు మెలితిప్పి పిండి తీగ మీద ఆరేశారు.

"యాదన్న రాకుంటే నేనొస్త, పద" అంది.

శనివారం పొద్దున ఇద్దరూ జయపాల్ ఇంటికి వెళ్లారు. మూడంతస్తుల ఇల్లు, గేటు మీద బంగారు రంగు శిలువ. జయపాల్ హాల్లో సోఫాలో కూర్చుని టీ తాగుతున్నాడు. వీళ్లను నిలబెట్టే మాట్లాడాడు. సామేలు చెప్పాల్సింది చెప్పాడు. లఖన్ నీ మనిషని ఒప్పుకో, జాలీ తీయించింది నువ్వేనని ఒప్పుకో, వాడికి దక్కాల్సింది దక్కనీ అన్నాడు. కెజియా పక్కన నిలబడి, తాను లఖన్ చేతిని చూశానని చెప్పింది.

జయపాల్ పకపకా నవ్వాడు. "ఆడివిల్లను తోలుకొచ్చినవా సామేలన్నా పంచాయితీకి? సాక్ష్యం గావాలంటే సంఘస్తులు గావాలె. ఈ పిల్ల ఇంక నీళ్లల్లనే మునగలే. ఈమె మాట సంఘంల చెల్లుతదా?"

"రేపు మునుగుత అన్నా" అంది కెజియా.

"మంచిది బిడ్డా, దేవునికి స్తోత్రం" అన్నాడు జయపాల్ కప్పు పక్కన పెట్టి. ఆ పిల్ల మాటను ఆయన అంతకంటే ఎక్కువ పట్టించుకోలేదు.

దారిలో సామేలు ఆగిపోయాడు. "కోపంతోని మునగకు బిడ్డా. వాని మీద పంతానికి అయితే వద్దు."

"పంతం గాదు నాయినా. మొన్న నిన్ను సూసి సిగ్గయి బాప్తిస్మం ఇడిసి పెడదామనుకున్న, నిజం. ఇప్పుడు నిన్ను సూసే తీసుకుంటున్న."

సామేలు ముఖం అటు తిప్పుకుని రోడ్డు మీది లారీలను చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం గుడి వెనక సిమెంటు తొట్టిలో కెజియా బాప్తిస్మం తీసుకుంది. నమ్ముతున్నావా అని పాస్టరుగారు అడిగితే, నమ్ముతున్నానని గట్టిగా చెప్పింది. తడిబట్టలు మార్చుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. బల్లకు వేళైంది. "సిద్ధపడినవాళ్లు లేచి నిలబడండి" అన్నారు పాస్టరుగారు. అందరూ లేచారు. కెజియా కూడా లేచింది. మూడో వరసలో సామేలు కూర్చునే ఉన్నాడు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు సంఘపెద్దే ఇవ్వాలి కాబట్టి, వెనక వరసలకు ఇంకో ట్రే పంపి, జయపాల్ తన ట్రే పట్టుకుని తిన్నగా ఆమె ముందుకు వచ్చాడు.

కెజియా కూర్చుంది.

"ఏమైంది బిడ్డా? ఉపాసానికి కండ్లు తిరుగుతున్నయా?" అన్నాడు జయపాల్ తియ్యగా.

"కండ్లు మంచిగనే ఉన్నయ్ అన్నా. నాకు నీ మీద కోపమున్నది. నిన్న మా నాయినతోని మీ ఇంటికొచ్చి చెప్పిన. సంఘస్తురాలివి గాదంటివి. ఇయ్యాల అయిన. ఇగ సంఘం ముంగట అడుగుతున్న. లఖన్ చెయ్యి యాడ తెగింది?"

జయపాల్ ట్రేని పక్కవాళ్ల వైపు తిప్పాడు. "ఎవల్ లఖన్?" అన్నాడు. ఎవరు లఖనట! తన కింద రెండేళ్లు బొగ్గు ఎత్తినవాడు!

పాస్టరుగారు పైకి చూశారు. పైన రేకులు ఎవరివో ఆయనకు గుర్తుకొచ్చి ఉంటుంది. "అమ్మా, ఇది సమయం కాదు. ప్రార్థన చేద్దాం. అందరూ కళ్లు మూసుకోండి" అన్నారు. హమ్మయ్య అనుకుని జనమంతా టక్కున కళ్లు మూసుకున్నారు.

"అయ్యగారూ" అన్నాడు సామేలు. ఆయన గొంతు ఆ గుడిలో విన్నవాళ్లు తక్కువ. "జెర కండ్లు తెరిచే చేద్దాం ప్రార్థన."

కళ్లు తెరుచుకున్నాయి. అప్పుడు వెనక వరసలో నవీన్, ఇరవై ఆరేళ్లవాడు, పెళ్లయి ఏడాది కాలేదు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కిందికి దిగి చాప మీద కూర్చున్నాడు. వాడి పెళ్లాం బిత్తరపోయి చూసింది. కాసేపటికి యాదన్న కూడా కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, "గడ్డి మిషన్ల గాదు, బెల్టుల తెగింది. జాలీ జయపాలన్న తీపిచ్చిండు. మేం సూసినం" అన్నాడు.

ఒక్కొక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు. అందరూ కాదు. వెనకవైపు రొట్టె అప్పటికే చేతికి అందినవాళ్లు కొందరు ఎవరైనా వద్దంటారేమోనని గబగబా మింగేశారు. అలాంటివాళ్లూ ఉంటారు. జయపాల్ ట్రేని బల్ల మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. చెప్పుల గుట్టలో తన చెప్పులు దొరక్క కాసేపు వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం సామేలు ఇంట్లో సుగుణ బువ్వ దించింది. గడప దగ్గర యాదన్న, నవీన్ నిలబడ్డారు. "అన్నా, సంగారెడ్డిల లేబర్ ఆఫీసుకు ఎన్నడు పోదాం చెప్పు. ఉన్నదున్నట్టు చెప్తం. పని పోతే పోనీ" అన్నాడు యాదన్న.

సామేలు ఏదో అనేలోపే సుగుణ అందుకుంది. సంగతంతా గుడిలోనే తెలిసిన మనిషి, అప్పటినుంచి ఉడికిపోతోంది. "ఇన్ని నెల్లు నా మొగడు ఒక్కడే కూసుండె! నిలవడి నిలవడి మీ కాళ్లు గుంజలేదా? నా మొఖాన ఊరంత ఉమ్మేస్తుంటే మీ కండ్లకు ఆనలేదా? థూ మీ బతుకులు! కూసోండ్రి, బువ్వ తినుండ్రి!" అని రెండు పళ్లేలు తెచ్చి నేల మీద కొట్టినట్టు పెట్టింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నీకు గూడ ఉన్నది. కట్టుకున్నదాన్తోని చెప్పరాదా? అన్నం తిన్నంక చెప్త నీ సంగతి."

కెజియా వెళ్లి లఖన్‌ను తీసుకొచ్చింది. అందరూ వరసగా కూర్చున్నారు. సామేలు కళ్లు మూసుకుని తన రెండు ముక్కలూ చెప్పాడు. పెట్టినవ్, లేనోళ్లకు గూడ పెట్టు. ఈసారి కెజియా ఆ ప్రార్థనకు గట్టిగా ఆమేన్ అంది. లఖన్ పళ్లెం అందుకుని, అలవాటు కొద్దీ ఎడమచేత్తో తినడం ఎవరికీ కనపడకుండా గోడ వైపు తిరగబోయాడు.

"ఇటు తిరుగు కొడుకా" అంది సుగుణ, గరిటె చేతిలో పట్టుకునే. "గోడకు ఆకలైతలేదు."

లఖన్ ఇటు తిరిగాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని సామేలు, కూతురి పక్కన కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.